ఆంగ్లవాక్యమునకు సాక్షులు

దక్షిణ అండమానులోని ఫెరార్‌గంజ్ తహసీలునకు చెందిన తుష్నాబాద్ గ్రామమున, ఇంట తెలుగును, అంగడిలో హిందీని, ఇరుగుపొరుగులతో బెంగాలీనో తమిళమునో మాటాడి, బడిలో అడుగు పెట్టినంతనే ఆంగ్లమునకు నోరు మరల్చవలసి వచ్చెడి పిల్లవాడొకడు, మంచినీళ్ళున్నవా యని యడిగిన కొత్త మనిషికి “వాటర్ ఈజ్ దేర్” అని బదులు పలికినచో, అది తప్పనువారును, తప్పేమున్నదనువారును మనలోనే యుందురు. తప్పనువారు వ్యాకరణపుస్తకము తెరచి “దేర్ ఈజ్ వాటర్” అనవలెనని దిద్దుదురు. తప్పేమున్నదనువారు దేశమంతయు ఇట్లే మాటాడుచున్నదని వాదింతురు. చిత్రమేమనగా, ఈ ఇరుపక్షములవారిలో ఒక్కరైనను లెక్క చూచి మాటాడుట అరుదు. ఒకరికి చిన్ననాట గురువు చెప్పిన మాట ప్రమాణము, మరొకరికి తమ చెవిని బడిన మాట ప్రమాణము. ఇట్టి తగవులను తీర్చుటకు అరువది యేండ్లకు పైగా భాషాశాస్త్రజ్ఞులు ఆశ్రయించుచున్న సాధనమునకు కార్పస్ అని పేరు. ఎవరో ఒకరు ఏదో ఒక పనిమీద నిజముగా వ్రాసినవియు పలికినవియు నగు వాక్యములను లక్షలకొలది ప్రోగుచేసి, ఏ మాటనైనను క్షణములో వెదకి తీయుటకు వీలుగా కంప్యూటరులో అమర్చిన పాఠరాశియే యది.

తుష్నాబాద్ వంటి యూరిలో ఈ ప్రశ్నకు బలము ఎక్కువ. అండమాన్ నికోబార్ దీవుల జనాభా 2011 లెక్కలలో 3,80,581. అందు తెలుగును మాతృభాషగా వ్రాయించుకొన్నవారు ఇంచుమించు నూటికి పదముగ్గురు. బెంగాలీ, హిందీ, తమిళముల తరువాత నాలుగవ స్థానము మనది. శ్రీకాకుళము, విశాఖపట్టణముల తీరములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు సముద్రము దాటి వచ్చినవారి సంతతి ఇందు పెద్ద పాలు. దీవులలో తెలుగు మాధ్యమపు బడులును కలవు. అయినను కచేరీకి పెట్టుకొనవలసిన అర్జీ, టెండరు ప్రకటన, కళాశాలకు నింపవలసిన దరఖాస్తు, ఇట్టివానిలో నెక్కువ భాగము ఆంగ్లమునందే నడచును గనుక, సామాన్య సంసారికి సైతము ఆంగ్లవాక్యముతో తరచు పని పడుచుండును. ఆ వాక్యము ఎట్లుండవలెనో నిర్ణయించు అధికారము ఎవరిదన్నది ఇచ్చట పండితగోష్ఠికి మాత్రమే పరిమితమైన విచారము గాదు.

మన శాస్త్రకారులకు ఈ తగవు చిరపరిచితము. లోకమునందలి ప్రయోగమును లక్ష్యమనియు, దానినిబట్టి యేర్పడిన సూత్రమును లక్షణమనియు పేర్కొని, రెండును చేరినదే వ్యాకరణమని మహాభాష్యమున పతంజలి తేల్చినాడు. కుండతో పని పడినవాడు కుమ్మరి యింటికి పోయి చేసియిమ్మని యడుగును గాని, మాటతో పని పడినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసియిమ్మని యడుగడు గదా యని ఆయన చమత్కరించెను. మాటలు లోకమున ముందే యున్నవి. వైయాకరణుడు వానిని పరికించి క్రమము చెప్పువాడు. ఆంగ్లము విషయమున మన బడిపంతుళ్ళు పలువురు ఈ నీతిని మరచి కుమ్మరులైనారని నా యనుమానము. లక్షణమును కంఠస్థము చేయించి, లక్ష్యము వంక కన్నెత్తి చూడకుండుట వలన, ఏ ఆంగ్లేయుడును పలుకని వాక్యములను కొన్నింటిని మనము తరతరములుగా వల్లించుచు వచ్చితిమి.

తెలుగునాట లక్ష్యమును చేతబట్టి వాదమునకు దిగిన మహనీయుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. గ్రాంథికవాదులతో తలపడునపుడు ఆయన తన యభిరుచిని ప్రమాణముగా నిలుపలేదు. శాసనములు, వ్యాఖ్యానములు, వచనగ్రంథములు వెదకి, ఎవరు ఎచ్చట ఏ రూపము వాడిరో ఎత్తి వ్రాసి, ‘బాలకవి శరణ్యము’, ‘గద్య చింతామణి’ వంటి గ్రంథములలో వరుసగా పేర్చి చూపెను. అసాధువులని పండితులు గర్హించిన రూపములు ఆ పండితుల వచనమునందే కానవచ్చుటచే ఎదుటిపక్షమువారికి నోట మాట రాని పరిస్థితి యేర్పడినది. కంప్యూటరు లేని కాలమున జరిగిన కార్పస్ పరిశోధన యది. (అట్టివానిని గ్రాంథికచ్ఛాయలు గల వచనమున కొనియాడుట ఆయనకు రుచించునో లేదో!) పిమ్మట ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీవారు ప్రకటించిన నన్నయ పదప్రయోగ కోశమును, భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటమును ఈ త్రోవనే నడచినవి. రెండవదానిలో వ్యవసాయపు మాటలను జిల్లాలు తిరిగి రైతుల నోటినుండియే సేకరించిరి. అందుచేత తెలుగు చదువరికి కార్పస్ అను పేరు క్రొత్తగాని పద్ధతి క్రొత్త గాదు.

ఆంగ్లమున వాక్యముల అచ్చులను విడదీసి చూపి, మన తరగతిగదులదాక రాగలిగినవాడు ఏ.ఎస్. హార్న్‌బీ. జపానులో చిరకాలము ఆంగ్లము బోధించి, అచ్చటి విద్యార్థులు తడబడుచున్నది పదములవద్ద కన్న పదముల పొందికవద్దనే యని గ్రహించి, ప్రతి క్రియ తరువాత ఏమేమి రావచ్చునో, ఏది రాగూడదో 1942లో టోక్యోలో అచ్చైన నిఘంటువునందు గుర్తించి, 1954లో ‘గైడ్ టు ప్యాటర్న్స్ అండ్ యూసేజ్ ఇన్ ఇంగ్లిష్’ అను గ్రంథమున క్రియావాక్యములను 25 అచ్చులుగా విభజించెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత మద్రాసు, ఆంధ్ర ప్రాంతముల బడులలో వ్యాపించిన ‘స్ట్రక్చరల్’ బోధనకు ఇట్టి విభాగములే వెన్నెముకయైనవి. 1958లో హైదరాబాదున వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, నేడు ఇఫ్లూ యని పిలువబడు విశ్వవిద్యాలయము, ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకే పుట్టినది. పంతులు తలుపువైపు నడచుచు “ఐ యామ్ వాకింగ్ టు ది డోర్” అనుటయు, పిల్లలు గొంతెత్తి మరల ననుటయు నా తరమువారికి బాగుగా జ్ఞాపకము. దానిని ఎగతాళి చేయుట ఇప్పుడు పరిపాటియైనది గాని, వాక్యము నడక క్రియ చేతిలోనున్నదన్న హార్న్‌బీ సూక్ష్మదృష్టిని తరువాతి యంత్రములు బలపరచినవే గాని త్రోసిపుచ్చలేదు. ఆయనవద్ద లేనిది లెక్క. ఏ అచ్చు ఎంత తరచుగా, ఎవరి నోట, ఏ సందర్భమున వచ్చునో చెప్పుటకు ఆ కాలమున ఆధారము చాలకపోయెను.

ఆధారము కూర్చుటకు పూనుకొన్నవారు లేకపోలేదు. అమెరికాలో చార్లెస్ ఫ్రీస్ అను నాయన, ప్రజలు ప్రభుత్వమునకు వ్రాసికొన్న వేలకొలది యుత్తరములను చదివి 1940లో ఒక ఆంగ్లవ్యాకరణము వ్రాసెను. పిమ్మట టెలిఫోను సంభాషణలను యంత్రమున పట్టి, ఇంచుమించు రెండున్నర లక్షల మాటల నాధారముగా గొని 1952లో మరియొకటి ప్రకటించెను. అర్జీలనుండి వ్యాకరణము పుట్టుట మనకు ముచ్చటగా తోచును. లండనులో ర్యాండాల్ఫ్ క్వర్క్ 1959లో ఆరంభించిన సర్వే ఆఫ్ ఇంగ్లిష్ యూసేజ్ మరింత విస్తృతమైనది. వ్రాతలోనివియు మాటలోనివియు నగు 200 పాఠములు, ఒక్కొక్కటి 5,000 మాటలు, వెరసి పది లక్షలు. వానిలోని వ్యాకరణవిశేషములన్నియు కాగితపు చీట్లపై నెక్కి బీరువాలు నిండినవి. ఒక్క విషయమును తేల్చవలెనన్న ఆ చీట్లనన్నింటిని చేతితో తిరుగవేయవలెను.

చీట్లనుండి యంత్రమునకు మార్పు ప్రావిడెన్స్ నగరమునందలి బ్రౌన్ విశ్వవిద్యాలయమున జరిగినది. నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా అను నిద్దరు, 1961లో అమెరికాలో అచ్చైన రచనలనుండి 500 ఖండములు, ఒక్కొక్కటి సుమారు 2,000 మాటల చొప్పున ఏరి, వార్తలు, మతరచనలు, శాస్త్రవ్యాసములు, నవలలు మొదలగు 15 తరగతులుగా పంచి, 1964 నాటికి కంప్యూటరు చదువదగిన రూపమున సిద్ధము చేసిరి. ఇష్టమైనవి ఏరుకొనినచో ఏరినవాని ముద్ర పాఠముపై పడునని, ఏ పుస్తకము తీయవలెనో ముందుగా తమ యిష్టము చొప్పున గాక యాదృచ్ఛికముగా ఎంపిక జరుగునట్లు చేసిరి. ఆ రోజులలో వారికి లభించిన మర్యాద ఎట్టిదో ఫ్రాన్సిసే చెప్పికొనియున్నాడు. ఇట్టి సంకలనమునకు ప్రభుత్వధనము లభించినదని తెలిసి రాబర్ట్ లీజ్ అను భాషాశాస్త్రజ్ఞుడు, నీ కాలమును సర్కారు సొమ్మును దండుగ చేయుచున్నావనియు, ఆంగ్లము మాతృభాషయైన నీకు పది నిమిషములలో తోచెడి ఉదాహరణములు ఈ లక్షల మాటలలో దొరకవనియు మందలించెనట. చోమ్‌స్కీ అను భాషాశాస్త్రజ్ఞుని సిద్ధాంతము ఉదయించుచున్న దినములవి; మనిషి లోపలనున్న భాషాజ్ఞానమే శాస్త్రమునకు విషయమనియు, బయట రాలిన వాక్యములు కేవలము యాదృచ్ఛికములనియు నాటి నవీనుల మతము. ఆ మతములో కొంత సత్యమున్నదని తరువాత మనవి చేయుదును. కాని లీజ్‌గారి మందలింపునందు ఒక చిక్కు దాగియున్నది: మాతృభాష ఆంగ్లము కానివాడు, తుష్నాబాద్ పంతులు వంటివాడు, పది నిమిషములు ఆలోచించినచో వానికి తోచునది వాని ఆంగ్లమే గదా!

ఇక కార్పస్ ఎట్లు పనిచేయునో దగ్గరనుండి చూతము. ఒక క్రియను తీసికొనుడు: ఎక్స్‌ప్లెయిన్. కంప్యూటరుకు ఆ మాట నిచ్చినచో, అది వచ్చిన ప్రతి చోటును వెదకి, ఆ మాట నడుమనుండునట్లు, ఎడమప్రక్క కొన్ని మాటలు, కుడిప్రక్క కొన్ని మాటలు చూపుచు, పంక్తులను ఒకదానిక్రింద నొకటి పేర్చును. నమూనాకు నేను కూర్చిన నాలుగు పంక్తులివి:

…కుడ్ యు ఎక్స్‌ప్లెయిన్ టు మీ వై ది బోట్…

…హి ఎక్స్‌ప్లెయిన్డ్ దట్ ది రోడ్ వాజ్ క్లోజ్డ్…

…షి ఎక్స్‌ప్లెయిన్డ్ హౌ ది పంప్ వర్క్స్…

…దిస్ డజ్ నాట్ ఎక్స్‌ప్లెయిన్ ది డిలే…

నిజమైన కార్పస్‌లో ఇట్టివి వందలు, వేలు వచ్చును. వానిని పేజీ చదివినట్లు ఎడమనుండి కుడికి చదువరాదు. నిలువుగా, పైనుండి క్రిందికి చూపు జార్చవలెను. కుడిప్రక్క మొదటి మాటనుబట్టి అక్షరక్రమమున అమర్చుమని యంత్రమున కాజ్ఞాపించినచో, ‘దట్’తో వచ్చినవి ఒక గుంపుగాను, ‘హౌ’, ‘వై’ వంటివానితో వచ్చినవి ఒక గుంపుగాను, ‘టు’తో వచ్చినవి వేరొక గుంపుగాను విడివడి నిలుచును. వివరణము విను మనిషి ప్రసక్తి వచ్చినపుడెల్ల నడుమ ‘టు’ నిలిచియుండుట అప్పుడు కంటికి కనబడును. మన పిల్లలు “ఎక్స్‌ప్లెయిన్ మీ” అందురు. టెల్, షో, గివ్ అను క్రియల తరువాత మనిషి సూటిగా వచ్చుట చూచి ఇచ్చటను అట్లే యుండునని యూహించిరి గనుక ఆ తప్పు వారి బుద్ధికి కొరత గాదు. డిస్కస్ అను క్రియకు ‘అబౌట్’ తగిలించుటయు నట్టిదే. టాక్ తరువాత, డిస్కషన్ అను నామము తరువాత ‘అబౌట్’ వచ్చును గావున, నడుమనున్న డిస్కస్‌కును అది అంటుకొన్నది. పంతులు నూరుసారులు కొట్టివేయుటకంటె, ఈ మూడు మాటల పంక్తులను ప్రక్కప్రక్క నుంచి పిల్లలచేతనే చూపించుట మేలు.

పంక్తులను నిలువుగా చదువుట వలన హార్న్‌బీకి అందని రహస్య మొకటి బయటపడినది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున జాన్ సింక్లెయిర్ నాయకత్వమున కాలిన్స్ ప్రచురణకర్తలతో కలిసి 1980లో ఆరంభమై, 1987లో నిఘంటువును వెలువరించిన కోబిల్డ్ బృందమువారు, అచ్చులు ఉత్త ఖాళీపాత్రలు కావనియు, ఒక్కొక్క అచ్చు తనకు నచ్చిన అర్థము గల క్రియలనే చేరదీయుననియు గమనించిరి. “దే ట్రిక్డ్ హిమ్ ఇంటు సైనింగ్” అను వాక్యమును చూడుడు. ఈ అచ్చులో ట్రిక్ బదులు ఫూల్ రావచ్చును, బుల్లీ రావచ్చును, స్కేర్ రావచ్చును, టాక్ రావచ్చును. మోసగించియో, బెదిరించియో, మాటలతో కరగించియో ఒకనిచేత ఒక పని చేయించు క్రియలే ఇందు గుమికూడినవి. కొత్త క్రియ నొకదానిని ఈ అచ్చులో చూచినపుడు, దాని యర్థము తెలియని చదువరియు, ఎవరో ఎవరినో లోబరచుకొన్నారని పసిగట్టగలడు. వ్యాకరణము వేరు, నిఘంటువు వేరు అను పాత గోడకు ఇచ్చట బీట వారినది. ఈ పరిశీలనలు 1996లో క్రియల అచ్చులపై ఒక సంపుటముగా వెలువడినవి. సూసన్ హన్‌స్టన్, గిల్ ఫ్రాన్సిస్ అను విదుషీమణులు 2000లో దానికి సిద్ధాంతరూప మిచ్చిరి.

లెక్కల మాటకు వత్తము. 1999లో డగ్లస్ బైబర్, మరి నలుగురు కలిసి నాలుగు కోట్ల మాటల కార్పస్ నాధారముగా లాంగ్‌మన్ వ్యాకరణమును ప్రకటించిరి. అందు సంభాషణ, నవల, వార్త, శాస్త్రరచన అని పాఠములను వేరుచేసి, ఏ వాక్యరూపము ఎందులో ఎంత యని చూపిరి. మన తలుపు పాఠము వారి తక్కెడలో తేలిపోయినది. “ఐ యామ్ వాకింగ్” అను మాదిరి క్రియారూపము సంభాషణలో అత్యధికముగా నుండునని పాఠ్యపుస్తకకర్తలు సహజముగా నమ్మిరి. తీరా చూడగా, సంభాషణలో సైతము సాదా క్రియారూపములు దానికంటె ఇరువది రెట్లకు మించి యున్నవి. బడిలో మొదట నేర్పినది, నిత్యము వాడినది, నాటకముగా ఆడి చూపినది అరుదైన రూపము! నోట నానిన ఆ రూపమునే పిల్లవాడు తరువాత “ఐ యామ్ నోయింగ్” అని తనకు తెలిసినదానికిని తగిలించినాడన్న, నేర్పినవారి పాలెంతయో విచారింపవలసియున్నది. ఇది నా యూహ. అయినను ఒక సెలవులో పాత వాచకములు తిరగవేసినవారు నాతో నేకీభవింతురనుకొందును.

కర్మణివాక్యముల కథయు నిట్టిదే. ఆంగ్లశాస్త్రరచనలలో సమాపకక్రియలలో నూటికి ఇరువదియైదు వరకు కర్మణిరూపములుండగా, సంభాషణలో నవి నూటికి రెండు. కర్తరి వాక్యమును కర్మణికి మార్చుడని పరీక్షలో అడుగుట మనకు వంశపారంపర్యముగా వచ్చుచున్నది గాని, ఎప్పుడు మార్చవలెనో చెప్పిన పంతులు అరుదు. పోర్ట్ బ్లెయిర్, నేటి శ్రీ విజయపురము, నుండి పరిపాలనవారు వెలువరించు ‘డైలీ టెలిగ్రామ్స్’ అను ఆంగ్లదినపత్రికను తుష్నాబాద్ పంతులు తరగతికి తెచ్చి, అందలి సర్కారు ప్రకటనలను చదివించినచో ఆ సందర్భము పిల్లలకు స్వయముగా తెలియును. దరఖాస్తులు ఆహ్వానింపబడుచున్నవి, ప్రజలకు తెలియజేయబడుచున్నది, గడువు పొడిగింపబడినది: ప్రకటనల భాష అంతయు ఈ ధోరణిలోనుండుటకు కారణము, ఆహ్వానించువాడెవడో అందరికి తెలియుటయు, వాని పేరు చెప్పుట అనవసరమగుటయు. అదే పిల్లవాడు ఇంటికి పోయి “ఫిష్ వాజ్ బాట్ బై మై ఫాదర్” అనినచో వ్యాకరణము తప్పక పోయినను వాక్యము తప్పును. మా నాన్న చేపలు కొన్నాడని చెప్పుటకు టెండరు భాష ఏల?

ఇంతవరకు చెప్పిన కార్పస్‌లు పరదేశములవి. మన దేశపు ఆంగ్లమునకు లక్ష్యమును మొదట కూర్చినది కొల్హాపూర్. అచ్చటి శివాజీ విశ్వవిద్యాలయమున ఎస్.వి. శాస్త్రిగారి ఆధ్వర్యమున, బ్రౌన్ కార్పస్ కొలతలనే తీసికొని, 1978లో భారతదేశమున అచ్చైన ఆంగ్లరచనలనుండి 500 ఖండములు, పది లక్షల మాటలు సేకరింపబడి, 1986 నాటికి సిద్ధమైనవి. అమెరికాకు బ్రౌన్, బ్రిటనునకు ల్యాంకస్టర్, ఓస్లో, బెర్గెన్ నగరములవారు కూర్చిన మరియొకటి, భారతమునకు కొల్హాపూర్. కొలత యొక్కటియే యగుటచే మూడింటిని ప్రక్కప్రక్క నుంచి తూచుటకు వీలు గలిగినది. కాని యది అచ్చుభాష మాత్రమే. మాటను పట్టుకొన్నది సిడ్నీ గ్రీన్‌బామ్ 1988లో ప్రతిపాదించిన అంతర్జాతీయ ఆంగ్ల కార్పస్. దానిలో దేశమునకు పది లక్షల మాటలు. 500 పాఠములలో 300 నోటిమాటలు. భారతీయభాగము 2002లో వెలువడినది.

ఈ సామగ్రిని, దేశీయ పత్రికల సంచికలను పరిశోధించినవారు చెప్పిన సంగతులు మన పెండ్లికానుకల మాటలకును వర్తించును. జోయ్‌బ్రతో ముఖర్జీ, సెబాస్టియన్ హాఫ్‌మన్ అను పరిశోధకులు ‘స్టేట్స్‌మన్’ పత్రిక పాఠములను పెద్దయెత్తున వెదకి, బ్రిటనులో సామాన్యముగా కానరాని నడక నొకదానిని 2006లో వివరించిరి. “గిఫ్టెడ్ హిమ్ ఎ వాచ్”, “ప్రొవైడెడ్ దెమ్ షెల్టర్” అనునట్లు, గివ్ అను క్రియ అచ్చులోనికి గిఫ్ట్, ప్రొవైడ్, ఇన్‌ఫార్మ్ వంటివి భారతీయ పత్రికాభాషలో చేరినవి. పుస్తకము నెరుగనివాడు చేసిన తప్పనుకొనుటకు వీలులేదు; చదువుకొన్న పత్రికారచయితలే వ్రాయుచున్నారు. ఇచ్చుటకు సంబంధించిన క్రియలు ఇచ్చు క్రియ నడకనే నడచుట యుక్తియుక్తమే.

వాటర్ ఈజ్ దేర్ సంగతియు ఇట్లే తేలినది. క్లాడియా లాంగ అను జర్మను పండితురాలు అంతర్జాతీయ కార్పస్ భారతీయభాగములోని ముఖాముఖి సంభాషణలను పరిశీలించి 2012లో ప్రకటించిన గ్రంథమున, ఉనికిని చెప్పు ‘దేర్’ వాక్యము చివర నిలుచుటను భారతీయుల సంభాషణాంగ్లమునందలి స్పష్టమైన లక్షణముగా నిరూపించెను. బ్రిటిషు చెవికి “వాటర్ ఈజ్ దేర్” అనగా నీరు అదిగో అచ్చట నున్నదని తోచును. మన చెవికి నీరున్నదని మాత్రమే. చెప్పదలచిన వస్తువును ముందుకు తెచ్చుట, “మై బ్రదర్, హి వర్క్స్ ఇన్ చెన్నై” అని పేరు చెప్పి మరల సర్వనామము నుంచుట మొదలగునవియు ఆమె లెక్కకు వచ్చినవి. ఇవి బడిలేనివారి మాటలు గావు. ఆ కార్పస్‌లో చేరవలెనన్న పదునెనిమిదేండ్లు నిండి, ఉన్నతపాఠశాలవరకైన ఆంగ్లమాధ్యమమున చదివియుండవలెను. అట్టి చదువరులే ఇట్లు మాటాడుచున్నపుడు, దీనిని తప్పుల పట్టికలో వేయుట నా దృష్టిలో తొందరపాటు. సంభాషణలో దీనిని దిద్దవలసిన పనిలేదు. పరీక్షాపత్రమున, విదేశమునకు పంపు లేఖలో “దేర్ ఈజ్” వ్రాయుట క్షేమము. రెండు సభలకు రెండు వస్త్రములు ధరించుట తెలుగువారికి నేర్పవలసినది గాదు.

అండమానులో ఈ నడకకు బలమెక్కువగా నుండుటకు హేతువును ఊహింపవచ్చును. తెలుగు, తమిళము, మలయాళము, హిందీ, బెంగాలీ, అన్నియు క్రియను చివర నిలుపు భాషలే. వేరువేరు కుటుంబముల భాషలైనను, తుష్నాబాద్ పిల్లవాడు ఏ యింటినుండి వచ్చినను, ఆంగ్లవాక్యమును ఒకే దిక్కునకు లాగును. అయినను ఈ దీవులలో వాక్యమంతయు ఈ తీరుననే నడచుననుకొనరాదు. 1925లో బర్మానుండి వచ్చి మధ్య అండమానున స్థిరపడిన కరెనుల భాషలో క్రియ ఆంగ్లమునందువలె కర్తకును కర్మకును నడుమ నుండును. కార్ నికోబారు భాషలో క్రియ మొదటనే వచ్చి, కర్మ దానివెంట నడచి, కర్త చివర నిలుచును. క్రియ మొదటనుండువారు, నడుమనుండువారు, చివరనుండువారు ఒకే కేంద్రపాలితప్రాంతమున ఒకే ఆంగ్లపాఠమును చదువుచున్నారన్న, వాక్యనిర్మాణమును పరిశీలింపగోరు పరిశోధకునకు ఇంతకంటె మంచి క్షేత్ర మెచ్చట లభించును? ముగ్గురును ఒకే చోట తడబడుదురా, వేరువేరు చోట్ల తడబడుదురా యన్నది, వారి వ్రాతలు సేకరించి చూచినగాని తెలియదు.

కార్పస్‌ను వేదముగా పూజింపవలదు. చోమ్‌స్కీ పక్షమునందలి సత్యమిదియే: కార్పస్‌లో లేకపోయినంతమాత్రమున ఒక వాక్యము భాషలో లేదనరాదు. పది లక్షల మాటల రాశిలో ‘ది’ అను నొక్క మాట సుమారు 70 వేల మారులు వచ్చును. మరి భిన్నపదములలో సగమునకు దగ్గరగా ఒక్కొక్కసారి మాత్రమే కనబడును. ఒక్కసారి కనబడినదాని గుణమేమని నిర్ణయించుట? అందుకే రాశులు పెరిగినవి. 1994లో పూర్తియైన బ్రిటిష్ నేషనల్ కార్పస్ పది కోట్లు. అందు నోటిమాట పదవ వంతు. మార్క్ డేవిస్ కూర్చిన అమెరికన్ కార్పస్ నూరు కోట్లు దాటినది. ఆయనదే మరియొకటి, ఇరువది దేశముల ఆంగ్లమును ఇంటర్నెట్టునుండి తోడినది, 190 కోట్లు; అందు భారతదేశమునకును భాగము కలదు. ఎంత పెరిగినను ఎవరి మాట చేరినదన్న ప్రశ్న నిలిచియే యుండును. తెలుగు మాధ్యమమున చదివి, పడవరేవున పర్యాటకునితో బేరమాడు యువకుని ఆంగ్లము, పైన చెప్పిన నియమమువలన అంతర్జాతీయ కార్పస్‌లో చేరుటకే అర్హము గాదు.

ఒకప్పుడు ఈ రాశులను దీవులనుండి వెదకుట కలలోని మాట. ఉపగ్రహము మీద నడచిన ఇంటర్నెట్టు ఎంత మందకొడిగా నుండెడిదో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. చెన్నైనుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్లు పరచిన కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనప్పటినుండి ఆ యిబ్బంది చాలవరకు తగ్గినది. డేవిస్ కార్పస్‌లను పేరు నమోదు చేసికొని వెదకుటకు రుసుము లేదు. సొంతముగా చిన్న రాశి కూర్చుకొనువారికి, జపానులోని వసేదా విశ్వవిద్యాలయమున లారెన్స్ ఆంథొనీ తయారుచేసిన యాంట్‌కాంక్ అను సాఫ్ట్‌వేరు ఉచితముగా దొరకును. ప్రతి వ్యాసమును ఒక సాదా పాఠపు ఫైలుగా నుంచినచో చాలును. మాట నిచ్చిన వెంటనే పంక్తులు నిలువునా పేర్చి చూపును.

పంతులొకడు ఉత్సాహపడి తన తరగతి వ్యాసములను ఏడాదిపాటు చేర్చినచో ఏబదివేల మాటలు సమకూరుట కష్టము గాదు. అంతటి రాశి గివ్, టెల్, సే, గో వంటి క్రియలకును, విభక్తుల పని చేయు ఇన్, ఆన్, టు, ఫర్ వంటి మాటలకును సరిపోవును. అరుదైన క్రియలకు చాలదు, వానికై పెద్ద రాశులకే పోవలెను. చేర్చునపుడు పిల్లవాని తప్పులను దిద్దక, ఉన్నది ఉన్నట్లు టైపు చేయవలెను. దిద్దినచో చూడవలసినదే చెరిగిపోవును. పేర్లు తీసివేసి, ఇంటిభాష, తరగతి, చదువు మాధ్యమము మాత్రము ఫైలు తలపై వ్రాసియుంచవలెను. పత్రికాప్రకటనలను పిల్లల వ్రాతలతో కలుపక వేరు సంచయముగా నుంచవలెను, లేనిచో కర్మణివాక్యముల లెక్క తారుమారగును. మాటలను రికార్డు చేయదలచినచో పిల్లల తలిదండ్రుల యనుమతి ముందుగా వ్రాతమూలకముగా పొందవలెను. ఒక గంట మాటను కాగితముపై పెట్టుటకు పది గంటలైనను పట్టునని తెలిసియే అందుకు పూనుకొనవలెను.